ఏడో నంబరు గదిలో కాలిక్యులస్

మాట మొదలైంది చిన్నగానే.

"వెతకడం తెలియాలి ఖైరున్నీసమ్మా" అన్నాడు శేషాచలం, టీ గ్లాసు బల్ల మీద పెట్టి. "మా తమ్ముడి కొడుక్కి కాలిక్యులస్ చెబుదామని ఫోనులో ఒక్క పూట వెతికా. సరైన చోటు దొరికింది."

ఆ చోటు పేరేదో చెబితే విని పోదామని ఖైరున్నీసా కూర్చోకుండా నిలబడే ఉంది. చిలకలూరిపేట రోడ్డు మీది మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆమెది తొడిమలు తీసే పని, ఈయనది గుమాస్తా పని. రోడ్డుకి ఇవతల మొహిద్దీన్ బాషా టీ కొట్టు. ఆమె మనవరాలు నాజియా ఇంటర్ లెక్కల్లో తప్పింది. వచ్చే వారం మళ్లీ పరీక్ష. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఖైరున్నీసాతోపాటే పనిలోకి వచ్చేస్తుంది. మధ్యాహ్నం బీపీ మాత్ర ఆమె మరిచిపోతుందని, పక్కింటి సిద్దికా ఫోను తీసుకుని నాజియా చేసి గుర్తుచేస్తుంది. సాయంత్రం ఫోను పిల్ల చేతికొచ్చాక ఉన్న కాస్త సమయం వెతకడానికే సరిపోతోంది, చదవడానికి మిగలడం లేదు. తెలుగులో చెప్పాలి, చేసుకోవడానికి లెక్కలివ్వాలి, ఎక్కడ తప్పామో చూపించాలి. పిల్ల చెప్పిన ఈ మూడూ జారిపోకుండా ఆమె పొద్దుటినుంచీ వేళ్ల మీద చెప్పుకుంటూనే ఉంది.

"పేరు చెప్పండి బాబూ. నాకు పనుంది."

"చెప్తా, ఉండమ్మా. ఒకాయన పాఠం తెలుగులో మొదలుపెట్టి రెండో మాటకే ఇంగ్లీషులోకి దూకేశాడు. ఇంకొకాయన మొదటి పాఠం ఉచితమన్నాడు, లెక్క సగంలో ఉండగా తక్కినది కావాలంటే డబ్బు కట్టమన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు ఎలీషా. బస్తాలు మోసి వచ్చి భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"ఇలా కాదని మన ఏడో నంబరు గదిలోకి పోయి తలుపేసుకున్నా. మిర్చి బస్తాల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నా. లోపల చల్లగా ఉంటుంది చూడు, బుర్ర బాగా పనిచేస్తుంది. అక్కడ తగిలిందయ్యా అసలైన చోటు! తెలుగులో చెప్తాడు, లెక్కలిస్తాడు, తప్పు చూపిస్తాడు."

ఖైరున్నీసా వేళ్లు ఆగాయి. మూడూ ఉన్నాయి. "దాని పేరే బాబూ!"

"వాడు లెక్క ఇవ్వడం, నేను చేసేయడం. ఆ వేగానికి ఫోను వేడెక్కిపోయి, గదిలో మిర్చి వేగిన వాసన! మిషను వాళ్లు పరుగెత్తుకొచ్చి చల్లదనం పెంచారు."

"ఆ వాసన మాకు రాలేదే!" అన్నాడు బాషా.

"నీ అల్లం టీ ముందు ఇంకేం వాసనొస్తుంది? సాయంత్రానికి వాళ్ల దగ్గర లెక్కలైపోయాయి. ఫోనులో మాటొచ్చింది, 'అయ్యా, ఒక్కరోజు గడువివ్వండి, కొత్తవి తయారుచేసుకుంటాం' అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంగళగిరి ఆఫీసు నుంచి వాళ్లే కార్లేసుకుని వచ్చారు, లెక్కలు మీరే ఇవ్వాలని. సరే పొమ్మని మిర్చి కుప్ప వాలు మీద ఒకటిచ్చా. ఘాటు లెక్క. కంప్యూటర్‌లో వేశారో లేదో, కంప్యూటర్ తుమ్మింది!"

ఎలీషా నవ్వితే ముక్కులోంచి టీ వచ్చింది. ఖైరున్నీసాకి మాత్రం ఒళ్లు మండుతోంది. టీ వేళ అయిపోవస్తోంది, పేరు రాలేదు.

"అనంతం దాకా పోవాలని పుస్తకాల్లో రాస్తారే, ఎవడైనా పోయి చూశాడా? నేను పోయా. ఏమీ లేదక్కడ. పొదిలి అవతల మెట్టచేలల్లాగే ఉంది, ఎండ, ఒక్క చెట్టు లేదు. మళ్లీ టీ టైముకి ఇక్కడున్నా. అడుగు బాషాని."

"టీ టైముకి రావడం వరకు నిజం" అన్నాడు బాషా.

అప్పుడే ఖైరున్నీసా ఫోను మోగింది.

"అమ్మమ్మా, ఇందాక ఎన్నిసార్లు చేసినా అందలేదే! మాత్ర వేసుకున్నావా?"

"ఇందాక లోపలున్నానమ్మా. రోడ్డు దాటితేనే కదా ఫోను పలికేది..." ఆమె మాట సగంలో ఆగింది. తలెత్తి శేషాచలం వైపు చూసింది.

"నేను మనవరాలితో ఒక్క మాట మాట్లాడాలంటే పని వదిలి ఈ కొట్టు దగ్గరికి రావాలి. ఎలీషా పెళ్లాంతో మాట్లాడాలన్నా ఇక్కడికే రావాలి. మేం పనిచేసే హాల్లోనే సిగ్నల్ రాదు. ఆ ఏడో నంబరు గదిలో మీకెక్కడిది బాబూ?"

శేషాచలం బల్ల మీది గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"అది... ముందే డౌన్‌లోడ్ చేసుకుని..."

"మరి గడువిమ్మన్న మాట గోడలోంచి వచ్చిందా పంతులుగారూ?" అన్నాడు ఎలీషా.

ఖైరున్నీసా ఫోను ఆయన చేతిలో పెట్టింది. "మా పిల్లకి పేరొక్కటి చెప్పండి. అది చాలు."

శేషాచలం ఫోను చెవికి ఆనించుకున్నాడు. "హలో... హలో... వినపడట్లేదమ్మా. ఇక్కడ సిగ్నల్ లేదు!"

స్టోరేజీలో పనిచేసేవాళ్లంతా సిగ్నల్ కోసం వచ్చే చోట నిలబడి అన్నాడా మాట. బాషా పొయ్యి దగ్గర్నుంచి పక్కకి తప్పుకుని మరీ నవ్వాడు.

ఖైరున్నీసా ఫోను వెనక్కి తీసుకుంది.

"పేరు చెప్పారా అమ్మమ్మా?"

"లేదు. ఆయనకీ తెలియదు. రేపట్నుంచి పరీక్ష దాకా ఫోను నీ దగ్గరే పెట్టుకో. పొద్దుట్నుంచీ నువ్వే వెతుక్కో, దొరికినచోట కూర్చుని చేసుకో."

"మరి నీ మాత్ర?"

రేపు తాను మరిచిపోతుందని ఆమెకి తెలుసు. జారుకోబోతున్న శేషాచలం చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది.

"గుర్తుచేసే మనిషి దొరికాడులే. అనంతం దాకా పోయి టీ టైముకి తిరిగొచ్చినాయన, మా హాలు దాకా వచ్చి నాకొక్క మాట చెప్పిపోలేడా?"