పన్నెండు కొట్టని ఊరు

తొమ్మిది వేల బాత్‌లు, పద్దెనిమిది కలంకారీ గుడ్డలు, ఒక గుండు. శ్రీకాళహస్తి బస్టాండు పక్కన అక్కమ్మ టీ అంగట్లో అడుగు పెట్టేసరికి మునికుమార్ దగ్గరున్న ఆస్తి మొత్తం ఇదే. బాత్‌లంటే థాయిలాండు డబ్బులు. బ్యాంకాక్‌లో మూడు రోజుల చేతిపనుల సంతకు రమ్మని అతనికి పిలుపు వచ్చింది. పన్నెండు గంటల బస్సెక్కి చెన్నై చేరితే, అక్కడి నుంచి విమానం. విమానం ఎక్కడం ఇదే మొదలు. ఇప్పుడు పదకొండు ఇరవై.

నెల రోజులుగా తడలో అక్క ఇంట్లో కూర్చుని గుడ్డలకు రంగులు వేశాడు. పిలుపు వస్తే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాడు గనక, ఈ పొద్దున కొండ మీద మొక్కు తీర్చుకుని, ఇంటికొచ్చి సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు. బ్యాంకాక్ పిలుపు సంగతి అంగట్లో అందరికీ తెలుసు గానీ, ఈ సంగతులేవీ ఎవరికీ తెలియవు.

పూలమ్మే మునివెంకటప్ప సంచీ వంక చూసి, "ఏం కుమారా, నెలగా కనపడలే. బ్యాంకాక్ పొయ్యొచ్చినావా ఏంది?" అన్నాడు.

ఇంకా పోలేదు మామా అనాల్సింది. కానీ రాత్రంతా నిద్రపోనివ్వని భయం ఆ మాటకు అడ్డం పడింది.

"పొయ్యొచ్చినా మామా."

ఆ అబద్ధంతో భయం కాస్త దిగింది. ఇంకొంచెం చెబితే ఇంకొంచెం దిగుతుందేమో!

"విమానంలో చలికి పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఏం చేసేది? సంచీలోంచి కాషాయం రంగు గుడ్డొకటి తీసి కప్పుకున్నా. దిగేసరికి చూడు, గుండూ కాషాయమూ! ఆ దేశంలో బౌద్ధ సన్యాసులు అట్లే ఉంటారు. వాళ్ళకని వేరే కుర్చీలు కూడా ఉండాయి. ఒకమ్మ వచ్చి, దండం పెట్టి, నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది."

"ఒకమ్మేనా?" అన్నాడు సెల్‌ఫోన్లు బాగుచేసే ప్రతాప్, బన్ను టీలో ముంచుతూ.

"మొదట ఒకమ్మే. పది నిమిషాలకు నాలుగు వందల పదమూడు మంది, నేను లెక్కపెట్టినా. ఒకరి వెనక ఒకరు, తోపులాట లేదు, అరుపు లేదు. ఊపిరి కూడా వరసలోనే పీలుస్తారప్పా వాళ్ళు! బయట రోడ్డు మీద రెండు వేల బండ్లు ఆగితే ఒక్క హారన్ మోగలేదు. నా చెవులే పోయినాయేమోనని గట్టిగా దగ్గి చూసుకున్నా. ఇంకోటి, ఆడ ఎవరి తలా తాకకూడదు. ముద్దొచ్చినా పిల్లోళ్ళ తల నిమరరు. మనకేమో గుండు కనపడితే చాలు, తట్టకుండా చెయ్యి ఊరుకోదు కదా!"

ప్రతాప్ అప్పటికే లేపిన చెయ్యిని మెల్లగా దించుకున్నాడు.

"తర్వాత పడవలో తీసకపోయినారు. నదంటే మన స్వర్ణముఖి మాదిరి ఇసుక కాదు మామా, గట్లు ఒరుసుకుని నీళ్ళు. బంగారు గోపురాల నీడలు నీళ్ళ మీద పడుకోనుంటే, పడవ వస్తాండాదని ఆ బంగారం పక్కకు జరిగి దోవ ఇస్తా ఉండింది. చుట్టూ పడవల మీదే అంగళ్ళు. కొబ్బరిపాలల్లో ఉడికే అన్నం, మామిడిపండ్లు. నాకు ఒకటే ఆకలి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సన్యాసి అనేవాడు పన్నెండు దాటితే మెతుకు ముట్టకూడదంట! టైము చూస్తే పదకొండు యాభై అయిదు."

అక్కమ్మ గోడ గడియారం చూసింది. మునికుమారూ చూశాడు. పదకొండు నలభై.

"అయితే పస్తేనా?" అంది అక్కమ్మ.

"పస్తుంచుతారా అత్తా! ఊళ్ళో గడియారాలన్నీ ఆపేసినారు, పదివేల గడియారాలు. గుళ్ళో గంట నాలుకకు గుడ్డ చుట్టినారు. అప్పటికీ సూర్యుడు జరుగుతాంటే, ఒక ముసలి పడవాయన గెడకర్ర ఎత్తి ఆ సూర్యుణ్ణి గోపురం కొనకు ఆనించి పట్టుకున్నాడు. నేను తిన్నా. మూడు రోజులు తిన్నా. ఇంకా పన్నెండు కాలే! తామరలు ముడుచుకోను మరిచిపోయినాయి. పక్షులు గూటికి పోయే వేళ తెలీక గాలిలోనే నిలబడి నిద్రపోయినాయి..." అతని గొంతు దిగింది. "పన్నెండు కాకపోతే ఎంత బాగుంటాదో. ఎవరూ యాడికీ పోనక్కర్లే."

"గుడ్డలు అమ్ముడుపోయినాయా లేదా?" అన్నాడు మునివెంకటప్ప.

"గుడ్డ పరిస్తే, నేను గీసిన ఏనుగు లేచి, నదిలో దిగి నీళ్ళాడి, మళ్ళీ వచ్చి గుడ్డలో పడుకునింది."

"రంగు పోలే?"

"పాలూ కరక్కాయా పట్టించిన గుడ్డప్పా, యాడ పోతాది!"

అక్కమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, అతని నెత్తిన వేలు పెట్టింది.

"తల తాకకూడదు అత్తా!"

"అది ఆడ." వేలు అందరికీ చూపించింది. పచ్చగా, తడిగా, మెరుస్తోంది. "నెల కిందటి గుండుకు చందనం ఇంకా ఆరలేదేమి రా?"

అంగడి గొల్లుమంది. ప్రతాప్‌కు పొలమారింది.

మునికుమార్ మాత్రం నేల చూశాడు. "ఇంకా పోలేదు అత్తా. పన్నెండు గంటల బస్సుకే పోవాల. పొయ్యొచ్చినట్టు చెప్పుకుంటే భయం తగ్గతాదేమోనని..."

నవ్వులు ఆగిపోయాయి. ఏం చెయ్యాలో తోచక ప్రతాప్ సంచీ మీదున్న పాస్‌పోర్టు తెరిచాడు. "అబ్బా, ఈ ఫొటోలో ఇంత ఉంగరాల జుట్టుండాదే. ఇది నువ్వేనని ఎవరు నమ్ముతారు?"

మునికుమార్ సంచీ బరువు గ్రాములతో సహా లెక్కగట్టాడు. విమానాశ్రయం నుంచి సంతకు ఎన్ని స్టేషన్లో తెలుసు. ఈ ఒక్కటీ లెక్కలోకి రాలేదు. అతను గుండు తడుముకున్నాడు.

"చెన్నై విమానాశ్రయంలో వాళ్ళు దినామూ మన గుండ్లనే కదప్పా చూసేది," అన్నాడు మునివెంకటప్ప.

"బ్యాంకాక్‌లో మామా?"

జవాబు అక్కమ్మ చెప్పింది. "ఆడ గుండును చూస్తే దండం పెట్టి కుర్చీ ఇస్తారని నువ్వే అంటివి. నాలుగు వందల పదమూడు మంది. అందురూ అబద్ధమైనా, ఒకమ్మన్నా ఉండదా రా?"

బస్సు వచ్చి హారన్ కొట్టింది. గడియారంలో పన్నెండుకు రెండు నిమిషాలు. దాన్ని ఆపేవాళ్ళెవరూ లేరు. మునికుమార్ పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని, సంచీ ఎత్తుకుని, బస్సు దగ్గరికి పరిగెత్తాడు.

"కుడికాలు ముందర!" వెనక నుంచి అక్కమ్మ అరిచింది.

మెట్టు మీదికి లేపిన ఎడమకాలు కిందికి దించి, అతను కుడికాలు ఎత్తాడు.