ఎలుగుబంటి నోట్లో నిలబడ్డ చాకు

మా ఇంటాయన జగన్నాధం తన మడత చాకు గురించి మొదలెడితే వీధిలో కుక్కలు కూడా వచ్చి ఓ పక్కన కూర్చుంటాయి. ఆ రోజు మధ్యాహ్నం నేను అరుగు మీద పనసకాయ కోస్తున్నాను, కొబ్బరి చిప్పలో నూనె పెట్టుకుని చేతులకు రాసుకుంటూ. ఎదురింటి గిరిబాబు టీ గ్లాసు పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. మా కూతురి కూతురు శ్రావణి మాత్రం నిలబడే ఉంది.

మర్నాటి నుంచి దానికి జీడి మొక్కలకు అంట్లు కట్టే నర్సరీలో పని. ఎవరి చాకు వాళ్లే తెచ్చుకోవాలట. "నా సాకుండగా నా మనవరాలు ఇంకో సాకు పట్టుకుంటాదేటి?" అని ఈయన పట్టు. తీసుకుంటాను గానీ లాకు చూసి మరీ తీసుకుంటానని దాని పట్టు. అంటు కట్టేటప్పుడు చాకు మడత కిందే కదా వేళ్లుంటాయి. లాకు జారిందా, వేలు పోయినట్టే.

"లాకు సూస్తావా? ఒసే, ఈ జిల్లాకి లాకు సూడ్డం నేర్పినోడిని నాను. ఇను. పన్నెండేళ్ల కిందట పాతపట్నం సంతకెల్లాను. గోనె మీద సాకులు పోసి అమ్ముతన్నాడొకడు. ఒక్కోటీ ఇప్పి సెవి కాడ పెట్టుకున్నాను. కత్తి తెరుసుకోగానే పిడి లోపల్నుంచి రేకు నాలికొకటి పక్కకొచ్చి, కత్తి మడం ఎనకాల అడ్డంగా నిలబడతాది సూడు, అదే లాకంటే. టక్ మంటే మంచిది. టిక్ మంటే అరకొర. సప్పుడే నేకపోతే అది సాకు కాదు, దువ్వెన. అలగ ముప్పై సాకులు ఇప్పి ఇదొకటి ఏరేను."

"ఇదైతే నమ్మొచ్చు మావా," అన్నాడు గిరిబాబు.

ఆ మాటే ఆయన్ని చెడగొట్టింది. నమ్మే మాట చెప్పి ఊరుకోవడం ఆయనకు చేతకాదు.

"ముప్పై అన్నానేటి? మూడొందలు. సంత ఎత్తేసినా నాను ఇప్పుతునే ఉన్నాను. ఆ తరవాత ఏటైందో తెలుసా? సెవి అలగ అలవాటైపోయింది. నరసన్నపేటలో ఎవడైనా సాకు ఇప్పితే నాను ఇక్కడ మంచం మీద తొంగోని సెప్పేసీవోడిని. ఒరే, అది మూడేళ్ల లాకురా, నాలిక అరిగి సగం దూరం నడిసిపోనాది, వేళ్లు జాగర్త అని."

"మరి నీ సాకు నాలిక ఎంత దూరం నడిసింది తాతా?" శ్రావణి చేయి చాపింది.

"అక్కడికే వస్తన్నాను." చాకు మాత్రం గుప్పిట్లోంచి కదల్లేదు. "దీని లాకు బలం మనుసులకి తెలీదు, ఎలుగుకి తెలుసు. జీడి తోటలో పిక్కలు ఏరుతన్నాను. ఎదురుగా వచ్చిందమ్మా! రెండు కాళ్ల మీద లేచి నోరు తెరిసింది. నోరేటి, ధాన్యం గాదె. చేతిలో కర్రయినా నేదు. సాకు ఇప్పాను. టక్ మంది. ఆ సప్పుడికి ఎలుగు కాసేపు ఆలోసన్లో పడిపోనాది. అదును సూసి నోట్లో నిలువుగా పెట్టేసాను, పిడి కింద దవడకి, మొన పై దవడకి. నోరు మూస్తానంటాది అది. మూయనివ్వనంటాది లాకు. కత్తి మడిసేద్దామని తల ఇటూపింది, అటూపింది, చెట్టుకేసి కొట్టుకుంది. లాకు కదిలితే ఒట్టు!"

"ఆ సాకు మళ్లీ నీకెలగొచ్చింది మావా?"

"అదే తెచ్చిచ్చింది. మూడు రోజులు తిండి నేదు కదా. తెరిసిన నోరు తెరిసినట్టే మన వీధిలోకొచ్చి, ఇదిగో ఈ అరుగు కాడ కూకుంది. కావలిస్తే మీ అత్తనడుగు."

నేనేం చెప్పను? ఆ మూడు రోజులూ నేను పుట్టింట్లో ఉన్నానని కిందటిసారి ఆయనే చెప్పాడు. నాకెప్పుడూ ఒకటే అనుమానం, నోరు మూతపడక ఆ జీవం మంచినీళ్లు ఎలా తాగిందా అని.

శ్రావణి నవ్వలేదు. "కత్తి ఊగుతాదా తాతా? పైకీ కిందకీ?"

"ఊగడమేటే!" ఆయన చాకు విప్పి, మొన దగ్గర పట్టుకుని ఊపి చూపించాడు. నిజమే, వీసమెత్తు కదల్లేదు. ఆయన ఛాతీ ఇంత పొంగింది. "ఇది ఊగితే మనూరే ఊగిపోవాల. ఆ పెద్ద తుపానొచ్చిన నాడు ఏటైందో తెలుసా? ఇంటి కప్పు లేసిపోతంది. సాకు ఇప్పి దూలానికి గుచ్చి పిడి పట్టుకున్నాను. నా కాళ్లు ఈ గిరిబాబు బాబు పట్టుకున్నాడు..."

"మా నాన్న ఆ ఏడు సూరత్తులో ఉన్నాడు మావా."

"ఉంటే ఏటి? కబురెట్టాను, వచ్చాడు. ఆయన కాళ్లు ఇంకోడు, ఆడి కాళ్లు ఇంకోడు, అలగ ఊరు ఊరంతా గాలిపటం తోకలాగ ఏలాడిపోనాం. గాలి ఊరిని లాగతాది, లాకు గాలిని లాగతాది. సాయంత్రానికి గాలే అలిసిపోయి, నీకో దండం జగన్నాధం అని సముద్రంలోకెల్లిపోనాది. కాకపోతే ఊరు నాలుగు గజాలు పడమటికి జరిగింది. మరి మన బోరింగు రోడ్డు మధ్యకెలగొచ్చిందనుకుంటన్నావు?"

"ఇటియ్యి తాతా," అంది శ్రావణి. ఈసారి అడగలేదు, ఆయన వేళ్లు ఒక్కొక్కటే విప్పి తీసుకుంది.

ఎండకు ఎత్తి పట్టుకుని పిడి సందులోకి చూసింది. చూసి, చూసి, మొహం చిట్లించింది. "నాలికెక్కడుందో కనపడ్డం నేదు. నల్లగా ఏటో నిండిపోయి ఉన్నాది."

"అదే బలం. ఉక్కు ముదిరితే నల్లబడతాది."

అది చాకు వాసన చూసింది. చూసి నా వైపు తిరిగింది. నాకూ తెలిసిపోయింది. అది నా చేతుల వాసనే. పన్నెండు వేసవులు ఆ చాకుతోనే పనస తొనలు తీశాడు మహానుభావుడు, తీసి తుడవకుండా మడిచి జేబులో పడేశాడు. పనస జిగురు నీళ్లకి పోదు, నూనెకే పోతుంది. ఆ సంగతి మా వైపు పసిపిల్లలకీ తెలుసు.

శ్రావణి నా పక్కన చతికిలపడింది. గుడ్డ పేలిక నా నూనె చిప్పలో ముంచింది. సందులో పుల్ల పెట్టి తోడింది, రుద్దింది, మళ్లీ తోడింది. గిరిబాబు టీ చల్లారిపోయింది. "ఉన్న బలం ఊడదీసేస్తన్నావే," అని మా ఆయన రెండుసార్లు అన్నాడు. అది తల ఎత్తలేదు. జిగురు నల్లటి దారాల్లా వచ్చింది. వచ్చాక ఇనుము తెల్లగా బయటపడింది.

"ఇప్పుడు సూడు తాతా. నర్సరీలో అంట్లు కట్టే అనూరాధక్క మొన్ననే సెప్పింది. నాలిక మడం మొదట్లో నిలబడితే కొత్త లాకు. నడిమికొస్తే ఇంకా పనికొస్తాది. నీది మడం దాటేసి అవతలి రేకుని తన్నుకుంటంది. ఇంక అరగడానికి సోటు నేదు."

మొన పట్టుకుని కదిపింది. చాకు ముసలాడి పన్నులా కటకటా ఊగింది.

"నూనె రాస్తే ఏదైనా ఊగుతాది!"

శ్రావణి నేను కోసిన పనసకాయ నడిమి బొడ్డులోంచి వేలంత ముక్క తీసింది. చాకు విప్పి, పిడి మీద తన చూపుడు వేలు ఉండే చోట ఆ ముక్క పెట్టింది. తన వేళ్లన్నీ కత్తి దారిలోంచి తీసి పిడికి రెండు పక్కలా పట్టుకుంది. కత్తి వీపుని అరుగు అంచుకేసి మెల్లగా, తలుపు తట్టినట్టు, ఒక్కసారి తట్టింది.

చాకు మూసుకుపోయింది. ముక్క రెండై అరుగు మీద పడింది.

మా ఆయన వంగి అందులో ఒక ముక్క తీసుకున్నాడు. దాన్ని చూశాడు, మనవరాలి వేలు చూశాడు. మళ్లీ ముక్క చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మాట వెతుక్కోవడం అదే మొదలు.

"అయితే మావా," అన్నాడు గిరిబాబు మెల్లగా, "ఎలుగు నోట్లో నిలబడింది లాకు కాదన్నమాట. పనస జిగురు."

మా ఆయన చాకుని పేలికలో చుట్టి నా ఒళ్లో పెట్టాడు, ఇంక ఎవరికీ ఇవ్వొద్దన్నట్టు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"లే పిల్లా. బేగి బయల్దేరితే నరసన్నపేట బస్సు దొరుకుతాది. కొట్లో ఎన్ని సాకులుంటే అన్నీ ఇప్పించు. నాలిక నువ్వే సూడు, నువ్వే తట్టు, నువ్వే ఏరుకో. నాను పక్కన నిలబడతాను. ఒక్క మాట మాటాడను."

గిరిబాబు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి గ్లాసు అరుగు మీద పెట్టాడు.

"మావా, ఎలుగు కత నమ్మేను. ఊరు జరిగిందన్నా నమ్మేను. ఇది మాత్రం నా వల్ల కాదు."