పువ్వుకాడ

రంగుల మీద గుడ్డముక్కలూ గుండీలూ అతికించి ఆమె చేసిన బొమ్మ ప్రదర్శనలో ఆ రోజే అమ్ముడుపోయింది. భార్యాభర్తలిద్దరూ హుషారుగా ఇంటికొచ్చి గుమ్మం ముందు ఆగారు.

“తాళంచెవి ఇలా ఇవ్వు.”

“నా దగ్గరెక్కడిది? పొద్దున తాళం వేసింది మీరేగా!”

“నొక్కితే పడిపోయే తాళమేగా, వేయడానికి చెవెందుకు? చెవి రాత్రే నీ రంగుల బల్ల మీద పెట్టాను, గుండీల పక్కన... ఎందుకే ఆ నవ్వు?”

“ఏమండీ, బొమ్మలో పువ్వుకి కాడ భలే కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు చూడండీ...”

“నీ దుంప తెగ! అది మన తాళంచెవా?”

“చీకట్లో ఏదో పాత చెవనుకుని అతికించేశా. పోనీ, వెళ్ళి మెల్లగా పీకేద్దామా? కొన్నావిడ తీసుకెళ్ళేది రేపేగా.”

“దాని మీద చెయ్యేశావో ఊరుకోను! ఇంటినిండా చెత్తేనని ఇన్నాళ్ళూ నేను నిన్ను సాధించింది చాలు. ఆవిడ ఆ బొమ్మ ముందు నుంచి కదిలిందా అసలు? ఓ రాయి చూడు, తాళమే పగలగొడతాను.”

నాలుగు దెబ్బలకు తాళం ఊడిపడింది.

“హమ్మయ్య! పద లోపలికి.”

“ఆగండాగండి, ఆ ముక్కలు విసిరెయ్యకండి!”

“ఇవెందుకే?”

“తర్వాతి బొమ్మకి.”