సిరా గడ్డకట్టిన నాటి ఆట

"ఆ ఫోను బోర్ల పెట్టు రూతమ్మా. పెన్ను గూడ పెట్టు. సిగ్గనిపిస్తలేదా? దోస్తు రాసిన రికార్డు ఫోటో తీసుకొచ్చి అక్షరం అక్షరం దింపుతున్నవ్. నువ్వు చెయ్యని ప్రయోగం చేసిన్నని రాస్తున్నవ్."

"అందరు గిట్లనే రాస్తరు తాతా. దింపితే ఎవరికి నష్టం?"

"ఎవరికి నష్టమా? కూసో, చెప్త.

మీ అమ్మ అప్పుడు బడికి పోతుండె. హైదరాబాద్‌ల యాడ చూసినా అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులు. నేను ఈడ బీదర్ల కోర్టు గేటు కాడ టైపు మిషన్ పెట్టుకొని అర్జీలు కొడుతుంటి. కంప్యూటర్లు వచ్చినయ్, నా మిషన్ మూలకు పడ్డది. చదివింది ఎస్సెల్సీయే గని వేళ్లు మంచిగ నడుస్తయని అమీర్‌పేటల ఒక ఆఫీసోళ్లు తీసుకున్నరు. చాయ్ రెండు రూపాయలు... కాదు కాదు, రెండున్నర. రెండు మన బీదర్ల.

పని ఏందంటే, అమెరికాల ఒక ఫుట్‌బాల్ టీం. ఆటే కొలువుగ ఆడేటోళ్లు. వాళ్ల పాత కాయితాలన్ని ఫోటోలు తీసి పంపిండ్రు, కంప్యూటర్ల ఎక్కించుమని. ఒక్కొక్క కాయితం ఇద్దరికిస్తరు. ఒకరు పై అంతస్తుల కూసుంటరు, ఒకరు కింద. ఒకరిది ఒకరు చూడొద్దు. ఇద్దరు కొట్టింది మిషన్ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్నకాడ ఎర్రగ చూపిస్తది. వేరువేరుగ కూసున్న ఇద్దరు ఒక్కతీరు తప్పు చెయ్యరని వాళ్ల నమ్మకం. నా జోడీ మన బగ్దల్ ఊరి నాగేంద్ర. రాత్రి పండేది మాత్రం ఇద్దరం ఒకటే కిరాయి రూముల.

మన ఫుట్‌బాల్ గాదు బిడ్డా అది. బంతి ఒలవని కొబ్బరికాయ తీరు ఉంటది. కాలుతోని తన్నుడు తక్వ, సంకల పెట్టుకొని ఉరుకుడు ఎక్వ. పది గజాలు ముందుకు పోనీకి నాలుగుసార్లు వీలిస్తరు. అవుతలోళ్లు ఎద్దుల లెక్క మీద పడతరు.

మొదట్ల ఆ టీం ఇనుము కార్ఖాన కూలోళ్లది. వారమంత కొలిమి కాడ, ఐతారం మైదానంల. నేను ఏడాదెంబడి ఏడాది కొట్టుకుంట పోతుంటి, కథ నా వేళ్ల కిందనే నడుస్తుండె. ఒక ఏడాదైతే ఒక్క ఆట గెలవలె. ఒక్కటంటే ఒక్కటి. అయినా ఆ రాసేటాయన, ఎవరో గని, ఓడిన ఆట గూడ గెలిచినంత శుద్ధంగ రాసిండు. ఎవరు ఎన్ని గజాలు ఉరికిండ్రు, ఎవరి పన్ను ఊడింది, అంత. ఒకనాడు మంచు కురుస్తున్నదంట. కాయితం అంచుకు రాసుకున్నడు: 'సిరా గడ్డకట్టింది. పెన్సిల్‌తో రాస్తున్న.' నాకు రోమాలు నిలవడ్డయ్. చూసేటోడు లేడు, అడిగేటోడు లేడు, ఓడిపోతున్న ఆట. పెన్సిల్ తీసిండు బిడ్డా!

గా కాయితం మీదనే నేను తప్పు చేసిన.

ఆనాడు శనివారం. తెల్లారి మన చర్చిల వాక్యం చదివే వంతు నాది. మధ్యాన్నం బీదర్ బస్సు. ఆ పెన్సిల్ రాత వెలిసిపోయింది, కండ్లు గుంజుతున్నయ్. చాయ్ కాడ నాగేంద్రనడిగిన. 'తీసుకో పాస్టరన్నా, నీ కోసమని దేవుడు బస్సు ఆపడు గదా' అని నవ్వి, తను కొట్టింది ప్రింటు తీసిచ్చిండు. చూసి దించిన. వాక్యం చదవనీకి దొంగతనం చేసి పోయిన.

నాగేంద్ర ఒక వరుస దాటేసిండు. వానిది పొరపాటు. వాన్ని చూసి నేను గూడ దాటేసిన. నాది తప్పు. మిషన్ మాత్రం అంత సరిగున్నదన్నది.

కొన్ని నెలలకు అమెరికాకెల్లి ఉత్తరమొచ్చింది. ఒక ముసలామె. వాళ్ల నాయిన ఆ టీంల ఒకే ఒక్క ఆట ఆడిండంట, గా మంచుల ఆట. సచ్చేదాక అదే ముచ్చట చెప్పిండంట. ఆమె పోయి కంప్యూటర్ల చూస్తే పేరు లేదు. 'మా నాయిన నాకు అబద్ధం చెప్పిండా?' అని రాసింది.

మా సారు మమ్ముల కూసోబెట్టి అన్నడు: 'ఇద్దరిది కలిసింది. అంటే కాయితంలనే లేదు. అదే రాసి పంపుత.' బల్ల కింద నాగేంద్ర నా కాలు తొక్కిండు, 'ఊకో అన్నా' అని. దాచను, ఊకుందామనే అనుకున్న. అటెంక లేసిన. 'సారు, ఇద్దరిది కాదు, ఒక్కనిదే. నేను చూసి దించిన.'

ఫోటో తెరిచి పెద్దగ చేసినం. ఉన్నది బిడ్డా. ఆయన పేరు, పక్కన మూడు గజాలు. మూడంటే మూడు! ఆ మూడు గజాలు బతుకంత చెప్పుకున్నడు ఆ మనిషి. వాటినే నేను తుడిచేసిన.

పేరు ఎక్కించిండ్రు, ఆమెకు తెలియజేసిండ్రు. నాగేంద్రకు చీవాట్లు పడ్డయ్. నన్ను కొలువులకెల్లి తీసెయ్యలె. ఆ టీం కాయితాలు మాత్రం నా చేతికి మళ్ల ఇయ్యలె. ఇన్సూరెన్సు ఫారాలు కొట్టే పనికేసిండ్రు. అప్పటికి నేను కొట్టే కాయితాలల్ల ఆ టీం లేసి నిలవడి, మొట్టమొదటిసారి పెద్ద పోటీల ఆఖరి ఆట దాక వచ్చింది. తెల్లారితే ఆ కాయితం నా ముంగట ఉంటుండె.

మరునాడు ఆ కాయితం నాగేంద్ర కొట్టిండు. పొద్దుగూకినంక రూముల కాలు పెడుతనే 'అన్నా, ఆఖరి ఆట ఏమైందో తెలుసా' అన్నడు. చెయ్యి అడ్డం పెట్టిన. 'చెప్పకు. అది తెలుసుకునే హక్కు నేను పోగొట్టుకున్న.'"

"టీం పేరు చెప్పు తాతా. గెలిచిండ్రో ఓడిండ్రో నిమిషంల చూస్త."

"నీ ఫోన్ల ఉంటదని నాకెరుక. ఇన్నేండ్ల సంది నాకెరుక. తెల్వకుంటనే పోత బిడ్డా."