గాలి మిషను లైను

అరవై ఎనిమిది వేసవి. విజయనగరం పక్క ఊళ్లో ఓ పెంకుటిల్లు. మొగుడు నూకయ్య గోనె మిల్లులో కరెంటు పని చేస్తాడు, పెళ్లాం దాలమ్మ అదే మిల్లు గొడౌనులో నార కట్టలు మోస్తుంది. ఆ సాయంత్రం ఇద్దరికీ పొసగలేదు. పొసగని రోజున దాలమ్మ నోటికి తలుపుండదు.

"రేపు నువ్వు పనిలోకెల్తన్నావు, అంతే."

"ఎల్లను."

"దాలమ్మా..."

"ఎల్లనన్నానా? నాను ఎల్లను, బుల్లమ్మ ఎల్లదు, కూర్మమ్మ ఎల్లదు. గొడౌను ఆడోళ్లం ఎవులమూ ఎల్లం. గేటు బయటే కూకుంటాం."

"ఎందుకే?"

"అడుగుతన్నాది ఎవులో సూడండి! ఆ తీగ తగిలించినోడు!"

"మెల్లగా మాటాడు."

"మాటాడను. నిన్న గొడౌనులో గంటెందుకు మోగినాది?"

"గాలి మిషను ఆగిపోనాది. నిప్పంటుకుంటే నీళ్లు జల్లడానికి పైన గొట్టాలున్నాయి గదా, ఊరికే కారి నార తడవకూడదని వాటిల్లో గాలి పట్టించినారు, ఆ గాలే నీళ్లని ఆపుతాది. గాలి దిగిపోతే నీళ్లు గొట్టాల్లోకొచ్చేస్తాయి, గంట మోగుతాది. నీకు తెలీదేటి?"

"తెలుసు. మిషనెందుకాగినాదో అది సెప్పు."

"ఫీజు ఎగిరిపోనాది."

"ఎందుకెగిరినాది?"

"కాసిన్ని మంచినీళ్లియ్యి."

"ఇత్తాను, ముందు సెప్పు. మేనేజరుగారి వంటింట్లో కరెంటు పొయ్యి ఎలిగించినారు. దానికి తీగ ఎక్కడ్నించి లాగినావు?"

"మిషను లైను నుంచి."

"ఆ లైనుకి ఇంకేటీ తగిలించకూడదని నువ్వే గదా సెప్పినావు! మిల్లంతా కరెంటు కట్టీసినా ఇది ఆగకూడదు, దీనికి సొంత లైను, సొంత ఫీజు, మజ్జిలో ఒక్క బలుబు కూడా ఉండకూడదు... అన్నం తింటా అదే పాట, నిద్దట్లో అదే పాట!"

"ఎప్పుడూ ఆగదనే ఆయనగారికి ఆ లైను కావలసొచ్చినాది."

"నువ్వు సరే అన్నావు."

"అన్నాను."

"సిగ్గు నేదు."

"నేదు."

"సరే, ఫీజు ఎగిరినాది, మల్లీ ఏసినావు. నీళ్ల వాల్వు కట్టీడం ఎందుకు?"

"గంట మోతకి మేనేజరుగారి అత్తగారికి మజ్జాన్నం నిద్ర పాడయిందట. పొయ్యి తియ్యరట, నీళ్లు కట్టీమన్నారు."

"ఇల్లు కాల్తంటే నుయ్యి తవ్వినోళ్లని సూసినాం గానీ, ఉన్న నూతికి మూతేసినోళ్లని ఇప్పుడే సూత్తన్నాం! ముందటేడు నార అంటుకుంటే బుల్లమ్మ కట్టల ఎనకాల ఉండిపోనాది. పైనించి ఆ నీళ్లు పడకపోతే ఇయాల బుల్లమ్మ ఏదీ? సెప్పు, ఏదీ?"

"నాకు తెలుసే."

"తెలిసే నన్ను ఎండునార మజ్జిలోకి తోలతన్నావు!"

"రేపు ఏటీ అవదు. నా మాట నమ్ము."

"నీ మాటా? తీగ తగిలించిన సెయ్యి, అన్నం పెట్టినా నమ్మను."

"నమ్మకపోతే మానీ. ఎల్లడం మాత్రం మానకు. నీ జీతం కావాల."

"నీ జీతానికేటయినాది?"

"ఏటీ అవనేదు."

"మావా. ఇటు సూడు. నా షిఫ్టు అయిపోనాది, నీదింకా అవనేదు గదా. ఇంటికాడేటి సేస్తన్నావు? ఆ పనిముట్ల సంచీ ఇంటికెందుకొచ్చినాది?"

"ఏటో, తెచ్చీసినాను."

"మావా!"

"ఇందాక ఆ తీగ కోసీసినాను. పొయ్యి మీద పులుసు సగంలో ఉన్నాదట."

"ఓలమ్మో!"

"లైను మల్లీ మిషనుకే ఇచ్చీసినాను. గాలి పట్టించి, నీళ్ల వాల్వు తెరిసీసి, మల్లీ ఎవులూ కట్టకుండా గొలుసు సుట్టి తాళమేసినాను. మేనేజరు తాళంచెవి ఇమ్మన్నాడు. ఇవ్వననీసినాను. గేటు బయటికి గెంటీసినాడు. ఇంక రావద్దన్నాడు."

"తాళంచెవేదీ?"

"ఇదిగో. నీకు సెప్పడానికి నోరు రానేదే. ఉద్యోగం పోనాదని ఏ మొకం ఎట్టుకుని సెప్పను? ఇంక భయం నేదు, రేపు నువ్వు ఎల్లు."

"ఎల్లను."

"మల్లీ ఏటే?"

"నువ్వు బయటుంటే ఆ తీగ ఇంకోడి సేత తగిలిస్తాడు. సంచీ బుజానేసుకుని రేపు పొద్దున్న నువ్వూ గేటు కాడికి రా మావా. ఇందాకటిదాకా నీళ్ల కోసం కూకుందామనుకున్నాం. ఇప్పుడు నీ కోసం కూకుంటాం."