తొమ్మిదితో పోయే లెక్క

పొద్దున మబ్బు విడిచినట్టే విడిచి మళ్లీ కమ్ముకుంది. సాయంత్రానికి వాన జోరందుకుంది. గని లిఫ్టు దగ్గర తలలు లెక్కపెట్టేవాడు డ్యూటీ దిగి అన్న ఇంటికొచ్చాడు. వదిన మూడు కంచాలు పెట్టింది.

"మీ అన్నేడీ?"

"రాలేదా ఇంకా? నాకంటే ముందే పైకొచ్చి ఉంటాడే."

"ఉంటాడేమిటి? చూశావా, లేదా?"

"ఆ గుంపులో ఎవర్ని చూస్తాను వదినా? అన్నీ బొగ్గు మొహాలే. లెక్కపెట్టడం వరకే నా పని."

"సరే, కూర్చో. ఆ గొడుగెక్కడిది?"

"అన్నదే. గేటు దగ్గర కొక్కేనికి వేలాడుతోంది. మర్చిపోయినట్టున్నాడు, తెచ్చా."

"మర్చిపోయాడా? ఇంత వానలో?"

"ఏమో మరి."

"చినుకు పడితేనే నెత్తిన తువ్వాలేసుకునే మనిషి."

"ఎక్కడో టీ తాగుతుంటాడులే. ముందు వడ్డించు, ఆకలి దంచేస్తోంది."

"అందరూ పైకొచ్చారా?"

"వచ్చారుగా! వచ్చారని సంతకం కూడా పెట్టా."

"ఎలా లెక్కపెట్టావు?"

"ఎప్పటిలాగే. లిఫ్టుకి తొమ్మిది మంది. చివర్లో వచ్చిన మొత్తంలో అంకెలు కలుపుతా. తొమ్మిదొస్తే ఆ మొత్తం తొమ్మిదితో శేషం లేకుండా పోతుంది. తొమ్మిదే వచ్చింది. అన్న నేర్పిన కిటుకేగా!"

"ఆయన నీకది ఎందుకు నేర్పాడు?"

"ఏ లిఫ్టయినా నిండకుండా కదిలిందేమో పట్టుకోడానికి."

"నిండిందో లేదో చెబుతుంది. అందరూ వచ్చారో లేదో చెబుతుందా?"

"అబ్బా, ఏంటి వదినా, పోలీసులా..."

"పొద్దున ఎంతమంది దిగారు?"

"రెండు, నాలుగు, మూడు. కలిపితే తొమ్మిది."

"కలపొద్దు. ఎంతమంది?"

"రెండొందల నలభై మూడు."

"సాయంత్రం?"

"రెండు, మూడు, నాలుగు. అదీ తొమ్మి..."

"ఊఁ, చెప్పు."

"రెండొందల ముప్పై... ముప్పై నాలుగు."

"ఒక లిఫ్టు. నిండా ఒక లిఫ్టు, మరిదీ."

"కింద నుంచి మళ్లీ గంట మోగలేదు వదినా. మోగితే దింపేవాణ్ణి కదా! ఒట్టు, మోగలేదు. వానకి తీగ తెగిందేమో..."

"లోపలికి నీళ్లొస్తాయా?"

"వస్తాయి. పంపులు తోడేస్తాయి. పంపులు నడిచినంతసేపూ ఏం కాదు."

"నడుస్తున్నాయిగా?"

"ఆ గొడుగిలా ఇవ్వు వదినా, వెళ్లాలి."

"నిన్నే! నడుస్తున్నాయిగా?"

"నేను సంతకం పెట్టాక ఆపేస్తారు వదినా."