ఆడోళ్లు పోని చోటు

ఈస్టర్ మర్నాడు బొమ్మిడిలో కడుతున్న ఓ ఇంటి నీడన వదినా మరదళ్లు మధ్యాహ్నం అన్నం తింటున్నారు. మరదలు ఈ ఏడే బాప్తిస్మం తీసుకుంది.

“మే, నిన్న తెల్లారకముందే సుడుగాడుకు పోయినావంట, నిజమేనా?”

“నిజమే వదినా. చర్చి వాళ్లందరం పోయినాము. గోరీల మీద కొవ్వొత్తులు పెట్టి పాటలు పాడినాము.”

“మన ఇండ్లల్లో ఏ ఆడది పోయిందే అక్కడికి? పీనుగును ఎత్తినాక మనం వాకిట్లోనే నిలిచిపోతాం కదా.”

“ఏసయ్య లేచిన పొద్దు గోరీ కాడికి ముందు పోయింది ఆడోళ్లే వదినా. మొగోళ్లు భయపడి తలుపులు వేసుకొని ఉన్నారంట.”

“నీకు భయం వేయలేదా?”

“గేటు దాటేదాకా చర్చి ఆమె చెయ్యి పట్టుకొనే నడిచినా. లోపలంతా వేపచెట్లు, గడ్డి, అంతే.”

“మనోళ్లను పెట్టేది కూడా అక్కడేనా?”

“ఆ పక్కనే, గోడకు ఇవతల.”

“చిన్నబిడ్డల్ని?”

“నీ పాపను అడుగుతున్నావా వదినా?”

“పేరు కూడా పెట్టలేదు దానికి. నీ మొగుడే, మా తమ్ముడే గుడ్డలో చుట్టి ఎత్తుకొనిపోయినాడు. యాడ పెట్టినావురా అని ఇంతవరకూ వాణ్ణి అడగలేదు నేను.”

“నేను అడిగినా. నిన్న నాకు తోడొచ్చి, గేటు బయట నిలబడి చేత్తో చూపించినాడు. నా కొవ్వొత్తి అక్కడే పెట్టినా.”

వదిన సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కుంది.

“రేపు పనికి వచ్చేటప్పుడు ఆ దోవనే వద్దాం. నువ్వు ముందు నడువు.”